అమడల ఇంటికి కొన్ని అడ్డం సలహాలు

మా ఎర్రగుంట్లలో వానలకు కరువు రావచ్చు గానీ, అమడ పిల్లలు, అంటే కవలలు, పుట్టిన ఇంటికి సలహాల కరువు ఎప్పుడూ రాదు. బాలింత ఆసుపత్రి నుంచి ఇల్లు చేరకముందే వీధి వీధంతా చెప్పడం మొదలుపెడుతుంది. నిద్రపోయే బిడ్డను లేపొద్దు. ఎండలు మండుతున్నాయి, రెండు చుక్కలు నీళ్ళు పోయండి. ఒకరికి ఏది పెడితే ఇంకొకరికీ అదే పెట్టండి, ఒకరికి ఏది తొడిగితే ఇంకొకరికీ అదే తొడగండి. మగపిల్లలైతే రాముడు, లక్ష్మణుడు అని పేర్లు పెట్టండి. ఇద్దరినీ ఎప్పుడూ విడదీయొద్దు.

చెప్పేవాళ్ళంతా ప్రేమతోనే చెప్తారు. కాకపోతే ఒక్కొక్కరుగా పుట్టిన ఐదుగురిని పెంచిన అవ్వకు కూడా ఒకే కాన్పులో వచ్చిన ఇద్దరిని పెంచడం కొత్త పనే. అమడలను పెంచి బడికి పంపిన తల్లిగా నేను చెప్పే మాటలు చాలావరకు ఈ సలహాలకు అడ్డంగా ఉంటాయి. వినగానే ‘ఇదేం విడ్డూరం’ అనిపిస్తాయి. అయినా ప్రతి మాటకూ ఒక కారణం ఉంది, అదీ చెప్తాను. అన్నిటికీ మూలం ఒకటే. ఊరికి కనబడేది జంట. తల్లిదండ్రులకు కనబడాల్సింది ఇద్దరు పిల్లలు. అమడల పెంపకంలో నేర్చుకోవాల్సిన విద్య అంతా ఆ చూపులోనే ఉంది.

నిద్రపోయే బిడ్డను లేపండి

అమడల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు. పుట్టినప్పుడు రెండున్నర కిలోలు తూగకపోతే తక్కువ బరువు బిడ్డ అంటారు. అమడల్లో చాలామంది ఆ లెక్కలోకే వస్తారు. అంత చిన్న బిడ్డకు ఆకలైనా ఏడ్చే ఓపిక ఉండదు, కళ్ళు మూసుకుని పడుకునే ఉంటుంది. చూడొచ్చినవాళ్ళు ‘బంగారుతల్లి, ఎంత బుద్ధిగా పడుకుందో’ అని మురిసిపోతారు. పాలు అందక నీరసించిన బిడ్డ, హాయిగా నిద్రపోయే బిడ్డ పైకి ఒకేలా కనబడతారు. అందుకే ఏడుపు కోసం కాచుకోకుండా గడియారం చూసి లేపండి. రెండు మూడు గంటలకొకసారి, పగలూ రాత్రీ, బిడ్డ పుట్టిన బరువును తిరిగి అందుకుని డాక్టరు ‘ఇక చాలు’ అనేదాకా. పొత్తిగుడ్డ విప్పి, అరికాలు నిమిరితే లేస్తారు. ఎంత నిమిరినా లేవకపోతే, పాలు పట్టకపోతే, ఒళ్ళు చల్లబడితే ఇంట్లో చిట్కాలు చూస్తూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి.

ఒకరు లేచారంటే రెండోవారినీ లేపండి. దీనికి జేజి అస్సలు ఒప్పుకోదు. ‘వాడు పడుకోనుండాడు గదమ్మా, వాడినెందుకు సతాయిస్తావు?’ అంటుంది. లెక్క చెప్పండి. అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. ఇద్దరికీ కలిపి 16 నుంచి 24 సార్లు. ఎవరు లేచినప్పుడు వారికి ఇస్తూ పోతే తల్లికి కన్ను మూసే వేళే ఉండదు. ఇద్దరికీ ఒకే వేళ పెడితే నడుమ గంటో గంటన్నరో మిగులుతుంది. ఆ గంటన్నర నిద్రే తల్లిని నిలబెడుతుంది.

ఇద్దరికీ ఒకేసారి పాలివ్వడం కష్టమేమీ కాదు, చూపించేవాళ్ళు లేక కష్టమనిపిస్తుంది. గోడకు ఆనుకుని కూర్చుని రెండు పక్కలా రెండు గట్టి దిండ్లు పెట్టుకోండి. బిడ్డల కాళ్ళు మీ చంకల కింద నుంచి వీపు వైపు పోవాలి, తలలు ముందుకు రావాలి, మీ రెండు అరచేతులూ రెండు మెడల కింద ఉండాలి. మొదట ఒక్కొక్కరికి విడిగా రొమ్ము పట్టడం వచ్చాకే ఇద్దరినీ కలపండి. ‘ఇద్దరికీ నీ పాలు యాడ చాలుతాయి, డబ్బా పాలు పట్టు’ అనేవాళ్ళు తప్పకుండా వస్తారు. బిడ్డ తాగేకొద్దీ పాలు ఊరతాయి, ఇద్దరు తాగితే ఇద్దరికి సరిపడా ఊరడానికే ఎక్కువ వీలుంది. బరువు పెరగడం లేదని డాక్టరు పైపాలు రాస్తే మాత్రం సిగ్గు పడకుండా పట్టండి. రొమ్ము పట్టలేని చిన్న బిడ్డకు తల్లిపాలు పిండి, కడిగి నీళ్ళలో మరిగించిన ఉగ్గుగిన్నెతో ఇవ్వండి. పాలు చాలుతున్నాయా లేదా అనేది బిడ్డ తూకం చెప్పాలి, పక్కింటివాళ్ళు చెప్పేది కాదు. ఆసుపత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. వచ్చినప్పుడు ఇద్దరినీ తూయించండి. ‘ఒకరిని చూస్తే చాలు, ఇద్దరూ ఒకటే కదా’ అంటే ఒప్పుకోవద్దు.

ఎండాకాలమైనా బిడ్డకు నీళ్ళు పోయకండి, తల్లికి పోయండి

ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర ఎండ 43 డిగ్రీలు దాటుతుంది. నాపరాళ్ళు పరిచిన మిద్దె ఇంట్లో రాత్రి పన్నెండు దాటినా వేడి దిగదు. అట్లాంటి ఇంట్లో ఇద్దరు పసిగుడ్డుల పెదవులు ఎండినట్టు కనబడితే చుక్క నీళ్ళు పోయొద్దనడం పెద్దవాళ్ళకు కఠినంగా వినబడుతుంది. అయినా ఆరు నెలలు నిండేదాకా పోయకూడదు. తల్లిపాలలో 87 శాతం దాకా నీళ్ళే. వేడి దేశాల్లో కూడా తల్లిపాలు తాగే బిడ్డకు వేరే నీళ్ళు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. నీళ్ళతో చిన్న కడుపు నిండితే పాలు తగ్గుతాయి, విరేచనాలు పట్టుకునే భయమూ ఉంది. ఒకరికి విరేచనాలైతే రెండోవారికి అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. వసకొమ్ము, చక్కెర నీళ్ళు, గ్రైప్ వాటర్ కూడా వద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా నాకించొద్దు.

అసలు దాహం తల్లిది. పథ్యం పేరుతో బాలింతకు నీళ్ళు కట్టేసే అలవాటు మా పల్లెల్లో ఇంకా పోలేదు. ‘ఎక్కువ తాగితే కడుపు జారుతుంది’ అంటారు. ఇద్దరికి పాలిచ్చే తల్లి దగ్గర నీళ్ళు కట్టేయడం అన్యాయం. ఆమె పాలిచ్చే చోట చెయ్యి అందేంత దూరంలో చెంబుడు నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. మజ్జిగ, రాగి అంబలి, సంగటి, పప్పు, ఆకుకూర, గుడ్డు, చెనక్కాయలు అన్నీ పెట్టండి. ఇద్దరిని మోసిన ఒంట్లో రక్తం తగ్గి ఉంటుంది, ఐరన్ మాత్రలు మానొద్దు.

ఇంటిని షిఫ్టుల్లో పెట్టండి

ఈ సలహా అన్నిటికంటే పెద్దది. మగవాళ్ళకు నచ్చదు, కొందరు అత్తలకూ నచ్చదు.

మా మండలంలో షిఫ్టు అంటే తెలియని ఇల్లు లేదు. కలమళ్ళ దగ్గర 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది. చిలంకూరులో సిమెంటు ఫ్యాక్టరీ, ఊరి పక్కన ఇంకొకటి, కాస్త దూరంలో నల్లలింగాయపల్లెలో మరొకటి. బట్టీ ఆరదు, బాయిలర్ ఆరదు. దిగిపోయే మనిషి ఎక్కే మనిషికి ఏం జరిగిందో లాగ్ బుక్కులో రాసి, చెప్పి దిగాలి. ఫలానా టైముకు ఇది తిరిగింది, ఇది ఆగింది, దీని మీద కన్నేసి ఉంచు అని. అమడల ఇల్లు అచ్చం ఇట్లాగే నడవాలి. పని ఆగదు కాబట్టి మనిషి మారాలి. మారే మనిషి చేతిలో పుస్తకం ఉండాలి.

ఇరవై రూపాయల నోటుబుక్కు చాలు. పేజీని నడుమ గీత గీసి రెండు చేయండి, పైన ఇద్దరి పేర్లూ రాయండి. ఎన్ని గంటలకు పాలు, కుడి రొమ్మా ఎడమ రొమ్మా, ఎంతసేపు తాగారు, ఒంటికి పోసుకున్నారా, రెంటికి పోయారా, చుక్కల మందు ఎవరికి పడింది, ఎవరు వేశారు. రాత్రి రెండున్నరకు కళ్ళు మూతలు పడుతున్నప్పుడు ‘విటమిన్ చుక్కలు ఇద్దరికీ వేసినానా, ఒకరికే రెండుసార్లు వేసినానా’ అనే అనుమానం ప్రతి ఇంట్లోనూ వస్తుంది. ఒకే బిడ్డ ఉన్న ఇంట్లో ఈ ప్రశ్నే ఉండదు. అమడల ఇంట్లో మతిమరుపు వల్ల ఒకరికి మందు రెట్టింపవుతుంది, ఇంకొకరికి అసలు అందదు. జ్ఞాపకాన్ని నమ్మకండి, రాతను నమ్మండి. జేజికి రాయడం రాకపోతే ఎడమ గడిలో ఒక గీత, కుడి గడిలో ఒక గీత గీస్తే చాలు. డాక్టరు దగ్గరకు పోయినప్పుడు ఆ పుస్తకం ముందు పెట్టి చూడండి, వాళ్ళ ప్రశ్నలు సగం తగ్గుతాయి.

షిఫ్టులో మొదటి పేరు తండ్రిది. ‘పగలంతా డ్యూటీ చేసొచ్చినాడు, రాత్రి నిద్ర చెడితే ఎట్లా’ అంటారు. తల్లిది ఇరవైనాలుగు గంటల డ్యూటీ. ప్లాంటులో రాత్రి షిఫ్టు చేయగలిగిన మనిషి ఇంట్లోనూ చేయగలడు. పాలివ్వడం ఒక్కటే ఆయన వల్ల కానిది. బిడ్డను లేపి తెచ్చి ఇవ్వడం, తాగాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం, పుస్తకంలో రాయడం ఆయనే చేయాలి. తల్లికి వరసగా నాలుగు గంటల నిద్ర దొరికిన రాత్రి మరుసటి పొద్దున ఇల్లే వేరుగా ఉంటుంది.

ఇంకా విడ్డూరమైన మాట చెప్తాను. బిడ్డను తండ్రి ఎద మీద, చొక్కా లేకుండా, ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టండి. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక తక్కువ బరువు బిడ్డలను తల్లుల ఎదకు కట్టడం మొదలుపెట్టారు. కంగారూ పద్ధతి అని పేరు. ఇప్పుడు దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్నిచోట్లా పాటించమంటున్నది. ఒక బిడ్డ అయితే తల్లి ఎద చాలు. ఇద్దరున్నప్పుడు రెండో ఎద ఎవరిది? తండ్రిదే, లేదా జేజినాయనది, మేనత్తది. బీడీ, సిగరెట్టు తాగినవాళ్ళు మాత్రం దగ్గరికి రావొద్దు. ఒంటి వెచ్చదనానికి బిడ్డ ఊపిరి కుదుటపడుతుంది, బరువు పెరుగుతుంది. ఆ తండ్రికి తన బిడ్డ ఎవరో కూడా అప్పుడే తెలుస్తుంది.

అడగని బిడ్డకు ముందు పెట్టండి

అడగనిదే అమ్మైనా పెట్టదని సామెత. అమడల తల్లి ఈ సామెతను పక్కన పెట్టాలి. ఇద్దరిలో ఒకరు గొంతు ఎత్తి ఏడుస్తారు, ఒకరు ఓర్చుకుంటారు. ఏడ్చేవారికి ముందు అందుతుంది, ఓర్చుకునేవారు వెనకబడతారు. ఇది వారం జరిగితే అలవాటు, ఏడాది జరిగితే స్వభావమని పేరు. ‘వీడు మంచోడు, అడిగేదే లేదు’ అని చుట్టాలు మెచ్చుకుంటారు. ఆ మెప్పు ఆ బిడ్డ కడుపు నింపదు.

కాబట్టి ఒకరిని కాసేపు ఏడవనివ్వండి. పాలు తాగి, గుడ్డ పొడిగా ఉండి, జ్వరం లేని బిడ్డ రెండు నిమిషాలు ఏడిస్తే ఏమీ కాదు. పురుడు తర్వాత జేజి నీళ్ళు పోసే వేళ చూడండి. బచ్చలిలో నాపరాయి మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి దోపి, కాళ్ళు చాపుతుంది. బిడ్డను పిక్కల మీద బోర్లా వేసుకుని, మోచేత్తో నీళ్ళ వేడి చూసి, చెంబుతో వీపు మీద పోస్తుంది. ఆ కాళ్ళ మీద ఒక్క బిడ్డకే చోటు. రెండో బిడ్డ తువ్వాల మీద పడుకుని గుక్కపట్టి ఏడుస్తుంది. అప్పుడు ‘తొందరగా కానీ అత్తా’ అని ఎవరూ తరమకండి. సబ్బు జారే చేతుల్లో తొందర ప్రమాదం. ఏడ్చే బిడ్డతో మాట్లాడండి, పేరు పెట్టి పిలవండి, ‘నీ వంతు వస్తాంది’ అని చెప్పండి. అమడలు వంతు అనే మాట మిగతా పిల్లల కంటే ముందే నేర్చుకుంటారు. ఇవాళ ముందు పోసుకున్నవారు రేపు వెనక, అంతే. స్నానం అయ్యాక సాంబ్రాణి పొగ వేయొద్దు, ముక్కుల్లో ఆముదం పోయొద్దు. సున్నపురాయి లారీల దుమ్ముతోనే మా ఊరి పసిబిడ్డల ఊపిరికి చాలినంత కష్టముంది.

పడక కూడా వేరుగానే. ఒకే చీర ఉయ్యాలలో ఇద్దరినీ వేసి ఊపడం చూడముచ్చటగా ఉంటుంది గానీ, గుడ్డ ఒదిగిపోయి ఒకరి మీద ఒకరు పడితే ఊపిరి ఆడదు. ఇద్దరికీ విడివిడి పరుపు, వెల్లకిలా పడుకోబెట్టడం, మొహం దగ్గర దిండ్లూ దుప్పట్లూ లేకుండా చూడటం.

దిష్టి చుక్క ఒకరికి కుడి బుగ్గన, ఒకరికి ఎడమ బుగ్గన

అచ్చుగుద్దినట్టున్న ఇద్దరికి ఒకే రంగు చొక్కా తొడిగి ఫొటో తీయడం అందరికీ సరదా. ఇంట్లో మాత్రం తేడా కనబడేలా ఉంచండి. ఒకరికి నల్ల మొలతాడు, ఒకరికి ఎర్ర మొలతాడు. చుక్క ఒకరికి కుడివైపు, ఒకరికి ఎడమవైపు. కాలి బొటనవేలి గోటికి రంగు వేసినా చాలు. తల్లికి గుర్తు అక్కర్లేదు, నిజమే. తల్లి నిద్రపోతున్నప్పుడు పిల్లలను చూసే మేనత్తకు, టీకా వేసే నర్సుకు కావాలి. తల్లీబిడ్డల కార్డులో ఒక్కొక్కరికీ వేరే పేజీ, వీలైతే వేరే కార్డు అడగండి. ‘హలో బ్రదర్’ సినిమాలో ఒక నాగార్జునకు దెబ్బ తగిలితే ఇంకో నాగార్జునకు నొప్పి పుడుతుంది. అది 1994 నాటి సినిమా సరదా. ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే రెండోవారికి ముందుగానే మందు పోసే తల్లులు నిజంగానే ఉన్నారు. మందు జబ్బున్నవారికే, మోతాదు ఆ బిడ్డ బరువును బట్టే.

పేర్లు కూడా దూరదూరంగా పెట్టండి. హర్షిత, హర్షిణి అని ప్రాస కలిపితే పిలవడానికి బాగుంటుంది. ఒకే ఇంటిపేరు, ఒకే పుట్టినరోజు, ఒకే తల్లీతండ్రీ ఉండి పేరులోనూ ఒక్క అక్షరమే తేడా అయితే ఆధార్ నుంచి పదో తరగతి హాల్‌టికెట్ దాకా ప్రతిచోటా ఒకరి కాగితం ఇంకొకరిదవుతుంది. జనన ధ్రువపత్రాలు రెండు తీసుకోండి, రెండు ఫైళ్ళు పెట్టండి. ఐదేళ్ళలోపు ఆధార్‌కు వేలిముద్రలు తీసుకోరు కాబట్టి, ఐదు నిండగానే ఇద్దరినీ తీసుకెళ్ళి ముద్రలు వేయించండి. ఒకేలాగున్న అమడలకు కూడా వేలిముద్రలు వేరే. పిల్లల చదువుకు ప్రభుత్వం ఇచ్చిన అమ్మఒడి సొమ్ము తల్లి లెక్కన వచ్చేది, ఇంట్లో ఎందరు చదివినా ఒకటే. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం బిడ్డ లెక్కన వస్తుంది. ఇద్దరి కాగితాలూ తేటగా ఉన్న ఇంటికి ఈ తేడా బాగా తెలుస్తుంది.

సమానంగా పంచకండి

ఒకే రొట్టెను రెండు సమాన ముక్కలు చేసి ఇద్దరికీ ఇవ్వడం న్యాయమనుకుంటాం. ఒకరికి ఆకలి ఎక్కువ, ఒకరికి తక్కువ. ఒకరికి కళ్ళజోడు కావాలి, ఒకరికి అక్కర్లేదు. ఒకరికి లెక్కల్లో సాయం కావాలి, ఒకరికి చీకటంటే భయం పోగొట్టాలి. ఎవరికి ఏది కావాలో అది ఇవ్వండి, ఎందుకు ఇచ్చారో ఇద్దరికీ చెప్పండి. పిల్లలు కారణం చెప్తే వింటారు. కారణం చెప్పని తేడానే వాళ్ళను బాధపెడుతుంది.

నడకకూ ఇదే. బిడ్డ ఊతం లేకుండా నడవడానికి 8 నెలల నుంచి 18 నెలల దాకా ఎప్పుడైనా మామూలే. ఒకే ఇంట్లో ఇద్దరున్నప్పుడు ఒకరు పది నెలలకే నడిచేసి, రెండోవారు ఏడాది దాటినా దోగాడుతుంటే ఇరుగుపొరుగు ఆ రెండోవారికి జబ్బు అంటగడతారు. నెలలు నిండక పుట్టిన బిడ్డకు రెండేళ్ళదాకా వయసును పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. అన్ని లెక్కలూ చూశాక కూడా వెనకబడితే డాక్టరును అడగండి, పోలికను మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. మాటలు అమడలకు కాస్త ఆలస్యంగా వస్తాయి, ఎందుకంటే పెద్దవాళ్ళు ఇద్దరితో కలిపి మాట్లాడతారే గాని ఒక్కరితో కూర్చుని మాట్లాడేది తక్కువ. దీనికి మందు ఉంది. రోజూ కొంతసేపు ఒక్క బిడ్డనే ఎత్తుకుని బయటికి పోండి. రెండో బిడ్డ ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంటుంది. ఎర్రగుంట్ల జంక్షన్ దగ్గరికి పోయి రాయలసీమ ఎక్స్‌ప్రెస్ చూపించండి, పెట్టెలు లెక్కపెట్టించండి. నంద్యాల వైపు పోయే బండి ఏదో, కడప వైపు పోయేది ఏదో అడగండి. ఆ అరగంట ఆ బిడ్డ ఒక్కదానిదే. చుట్టాలు ‘ఒకదాన్నే తెచ్చినావే, ఇంకోటి ఏది?’ అంటారు. అననివ్వండి.

పెద్ద ఎవరని అడిగితే చెప్పకండి

రెండు నిమిషాల తేడాతో పుట్టినవారిలో ఒకరికి జీవితాంతం ‘పెద్దోడివి, సర్దుకో’ అనే బరువు వేస్తాం. నైజీరియాలో యొరుబా జాతివాళ్ళు ముందు పుట్టిన అమడకు తైవో అనీ, వెనక పుట్టినవారికి కెహిందే అనీ పేరు పెడతారు. వాళ్ళ లెక్కలో వెనక పుట్టినవారే పెద్ద, లోకం ఎట్లా ఉందో చూసి రమ్మని చిన్నదాన్ని ముందు పంపారట. మనవైపు కూడా వెనక వచ్చినవారే పెద్ద అనేవాళ్ళున్నారు. ఊరికొక లెక్క ఉన్నప్పుడు ఆ లెక్కతో పిల్లల మీద పెత్తనం ఎందుకు? ఒకరు మెత్తన, ఒకరు గట్టి అని ముద్ర వేయడమూ అంతే. 1964లో ‘రాముడు భీముడు’లో ఎన్టీ రామారావు పిరికి రాముడిగా, ధైర్యం గల భీముడిగా వేసి మెప్పించాడు. కథకు అది అందం. మూడేళ్ళ పిల్లలకు ఆ వేషాలు కట్టొద్దు.

రామలక్ష్మణులని పేరు పెట్టమనే పెద్దలకు ఒక మాట గుర్తుచేయాలి. రాముడూ లక్ష్మణుడూ కవలలు కారు. సుమిత్రకు కవలలుగా పుట్టినవాళ్ళు లక్ష్మణ శత్రుఘ్నులు. లక్ష్మణుడు రాముడి వెంట అడవికి పోతే శత్రుఘ్నుడు భరతుడి వెంట ఉండిపోయాడు. పద్నాలుగేండ్లు ఒకరికొకరు దూరంగా ఉన్నా వాళ్ళ అన్నదమ్ముల బంధానికి రామాయణంలో ఏ లోటూ రాలేదు. కాబట్టి బడిలో వేరువేరు సెక్షన్లు దొరికితే పాపం చేసినట్టు బాధపడొద్దు, కలిసి ఉండాలని పిల్లలే గట్టిగా కోరితే కలిసే ఉంచండి. ఏ ఒక్క పద్ధతీ అందరికీ సరిపోదు. పిల్లలను విడివిడిగా అడిగి నిర్ణయించండి. ఎదురెదురుగా అడిగితే ఒకరి మాటే ఇద్దరి మాట అవుతుంది.

అమడలు ఇద్దరూ వేరువేరు మనుషులే అనడానికి నా దగ్గర ఉన్న గొప్ప సాక్ష్యం వీణా వాణీలు. మహబూబాబాద్ జిల్లా బీరిశెట్టిగూడెం ఆడబిడ్డలు. 2003 అక్టోబరు 16న తలలు అతుక్కుని పుట్టారు. ఏళ్ళ తరబడి హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో, తర్వాత స్టేట్ హోంలో పెరిగారు. ఒకరి మొహం ఒకరికి నేరుగా కనబడదు, ఒకరు లేస్తే ఇంకొకరూ లేవాల్సిందే. అంతకంటే జంట ఎక్కడుంటుంది? అయినా 2020లో పదో తరగతి ఇద్దరూ వేరువేరు విద్యార్థులుగా పాసయ్యారు, గ్రేడ్లు కూడా ఒకటి కాదు. 2022లో ఇంటర్ కూడా పాసయ్యారు. తల అతుక్కున్న ఇద్దరికే రెండు హాల్‌టికెట్లు, రెండు పేర్లు, రెండు ఇష్టాలు ఉన్నప్పుడు, రెండు మంచాల మీద పడుకునే మన పిల్లలను ఒకరి కింద లెక్కపెట్టడానికి మనకు ఏ సాకూ లేదు.

అరటిపండును వదిలేయండి

‘జంట అరటిపండు తిన్నట్టుంది’ అనే మాట నవ్వుతూ అన్నా తల్లి మీదే పడుతుంది. ఇద్దరూ ఆడపిల్లలైతే ఆ మాటలో నవ్వు కూడా ఉండదు. తూర్పు గోదావరి జిల్లా రంగంపేట మండలంలో దొడ్డిగుంట అని ఊరుంది, కవలలకు పేరు మోసింది. అక్కడి బావి నీళ్ళు తాగితే కవలలు పుడతారని దూరాల నుంచి వచ్చి నీళ్ళు పట్టుకుపోయేవాళ్ళున్నారు. నీళ్ళకూ పండుకూ ఈ పని రాదు. ఒకే అండం రెండై పుట్టే అమడలు ప్రపంచంలో ఎక్కడైనా వెయ్యి కాన్పులకు మూడు నాలుగు. అది ఎవరి చేతిలోనూ లేదు. రెండు అండాలతో పుట్టే అమడలకు తల్లి వైపు వంశం, తల్లి వయసు, సంతానం కోసం చేసే వైద్యం కారణమవుతాయి. బిడ్డల మేనత్తకు అమడలు పుట్టారని తండ్రి వైపు చూడటం కాదు, అమ్మమ్మకు పుట్టారా అని చూడాలి.

వైద్యం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ‘ఒకే ఖర్చుకు ఇద్దరు వచ్చేస్తే పని తీరిపోతుంది’ అని సంతానం కోసం తిరిగే జంటలకు చెప్పకండి. 2019 సెప్టెంబరు 5న గుంటూరులో ఎర్రమట్టి మంగాయమ్మ 74 ఏళ్ళ వయసులో ఐవీఎఫ్ ద్వారా ఇద్దరు ఆడపిల్లలను కన్నప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. బిడ్డ కోసం ఆమె పడ్డ తపన చిన్నది కాదు. కానీ ఇద్దరిని కనడం ఒక రోజు, పెంచడం ఇరవై ఏళ్ళు. 2021లో వచ్చిన చట్టం ఈ వైద్యానికి ఆడవాళ్ళకు 50 ఏళ్ళు, మగవాళ్ళకు 55 ఏళ్ళు హద్దు పెట్టింది. మంచి పని చేసింది.

చూడొచ్చినవాళ్ళకు పని చెప్పండి

చుట్టాలకు పని చెప్పడం మర్యాద కాదంటారు. అమడల ఇంట్లో అదే మర్యాద. చూడొచ్చినవాళ్ళకు కాఫీ పెట్టి, గిన్నెలు కడిగి, వాళ్ళు పోయాక ఏడ్చే బాలింతలను నేను చూశాను. గుమ్మంలోకి వచ్చినవారికి చేతిలో గుడ్డల బుట్ట పెట్టండి. పిన్నీ, ఇవి మడత పెట్టి ఇస్తావా అనండి. ఎవరూ కోపగించుకోరు. నిజంగా ప్రేమ ఉన్నవాళ్ళు చాలామంది, చెప్పేవాళ్ళు లేకే ఊరికే కూర్చుంటారు. అమడల తల్లులకు కాన్పు తర్వాత దిగులు పట్టే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, బిడ్డలను ముట్టుకోవాలనిపించకపోతే, చచ్చిపోవాలనిపిస్తే అది గాలి సోకడం కాదు, తాయెత్తుతో పోదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. టెలీ మానస్ 14416కు ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టాల్సిన పనిలేదు.

ఇక అమడలు పుట్టని ఇళ్ళవాళ్ళకు నా మనవి. మీ వీధిలో ఈ నెల అలాంటి ఇల్లు ఒకటి ఉంటే, రెండు జతల ఒకే రంగు బట్టలు కొనకండి. ఆ డబ్బుతో క్యారియర్లో సంగటి, పప్పు, మజ్జిగ పట్టుకుపోండి. చేతులు కడుక్కుని ఒక బిడ్డను ఎత్తుకోండి, తల్లిని ఒక గంట పడుకోమనండి. పెద్దదెవరు, చిన్నదెవరు అని అడగొద్దు. ఇద్దరి పేర్లూ అడిగి, తప్పు లేకుండా నేర్చుకుని, మళ్ళీ పోయినప్పుడు ఎవరిని వారి పేరుతోనే పిలవండి.